అమ్మ కోసం: పనస బల్ల, ఆవకాయ కొలతలు, లేసు పూలు

సంక్రాంతి వెళ్లాక

ఈ ఏడాది అక్కా నేనూ కలిసి ఇంట్లో ఒక పని పెట్టుకున్నాం. ఏటా అమ్మకి చీర కొంటాం. కొన్న చీరని అమ్మ రెండు వైపులా తిప్పి చూసి, బాగుందని చెప్పి, బీరువాలో పెడుతుంది. ఆర్నెల్లు తిరక్కుండా అది ఏ పిన్ని కూతురికో పసుపు కుంకాలతో వెళ్లిపోతుంది. ఇవ్వడం ఆవిడకి సంతోషమే, కాదనను. కానీ ఆ చీర వల్ల అమ్మ రోజులో ఏ మార్పూ రాదు. పొద్దున్నే అందరికన్నా ముందు లేవడం, రాత్రి అందరికన్నా ఆఖర్న వంటింట్లో లైటు ఆర్పడం, ఆ మధ్యలో చాకిరీ, అన్నీ మామూలే.

అందుకని ఈసారి ఆ చాకిరీనే పట్టుకుందాం అనుకున్నాం. ఏ పని దగ్గర అమ్మ ఒళ్లు నొప్పి పెడుతోందో దాన్ని తేలిక చెయ్యాలి. ఆవిడకి వచ్చి మాకు రానిదాన్ని పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆవిడ చేతి పనిలో ఎవరూ పట్టించుకోకుండా మూలపడిపోయింది ఏదైనా ఉంటే బయటికి తియ్యాలి. చెక్క పనీ, సామాన్లూ నా వంతు. అక్క విశాఖపట్నంలో ఉంటుంది కాబట్టి ఫోన్లో విని రాసుకోవడం తన వంతు. నాన్న వంతు ఏమిటో ఆయనే తేల్చుకుంటానన్నారు.

మా ఊరు అమలాపురానికి దగ్గరే. ఎకరంన్నర వరి, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు, పెంకుటింటికి వెనక తర్వాత కట్టిన శ్లాబు వంటిల్లు. అమ్మకి అరవై దాటాయి. పుట్టిల్లు వశిష్ఠ గోదావరి అవతల, నరసాపురం దగ్గర పల్లెటూరు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగితే ఏమంటుందో తెలిసిందే. "నాకేం కావాలిరా, మీరు చల్లగా ఉంటే అదే చాలు." కాబట్టి అడగడం మానేసి చూడడం మొదలుపెట్టాను. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, చిక్కుడుకాయలకి నార తీస్తూ, అమ్మ ఎక్కడెక్కడ ఆగుతోందో నోట్‌బుక్కులో రాసుకున్నాను.

కత్తిపీట మీంచి లేచేటప్పుడు ఎడమ చెయ్యి గోడకి, కుడి చెయ్యి మోకాలికి వెళ్తున్నాయి. లేచాక ఒక్క క్షణం అలాగే నిలబడుతోంది. పెద్ద గిన్నెలో కూర కలుపుతుంటే కుడి భుజం చెవి దాకా లేస్తోంది. లైటు ఆవిడ వెనక గోడకి ఉంది, అందువల్ల కూరగాయలు తరుగుతుంటే ఆవిడ నీడ ఆవిడ చేతుల మీదే పడుతోంది. మంచినీళ్ల డబ్బాని వంచేటప్పుడు ఊపిరి బిగబడుతోంది. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని పిలుస్తోంది. అందరం తిన్నాక, చల్లారిపోయిన కూరతో, వంటింట్లోనే ఒక పక్కగా కూర్చుని తింటోంది. ఇన్నేళ్లుగా ఇవన్నీ మా కళ్ల ముందే జరుగుతున్నాయి. కాగితం మీద వరసగా చూసుకున్నాక, ఎక్కడ మొదలుపెట్టాలో ఇక ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

దాళ్వా (రెండో పంట వరి) కలుపులు తీసే రోజులు

సులువైనవి ముందు. వంటగట్టు పైనున్న అరకి కింది వైపు, గోడ దగ్గరగా కాకుండా మనిషి నిలబడే వైపు అంచుకి, నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు బిగించాం. ఇప్పుడు వెలుతురు ముందు నుంచి చేతుల మీద పడుతోంది. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేంత వెలుతురు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇస్తుంది, ఈ ట్యూబు 20 వాట్లు. కానీ వాట్ల కన్నా దాన్ని పెట్టిన చోటే ముఖ్యం. ఎంత పెద్ద లైటైనా వీపు వెనక ఉంటే నీడ తప్పదు.

మంచినీళ్ల డబ్బా సంగతి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, తాగడానికి డబ్బాలు తెచ్చుకోవాల్సిందే. 20 లీటర్ల డబ్బా అంటే 20 కిలోలు. దాన్ని ఎత్తి బిందెలోకి వంచే పని ఇంట్లో ఎవరు చేస్తున్నారో చూస్తే, ఎక్కువసార్లు అమ్మే. ఇనుప స్టాండు ఒకటి తెచ్చాను. డబ్బా అందులో పడుకుని ఉంటుంది, మూతి పట్టుకుని వంచితే చాలు, గ్లాసు నిండుతుంది. డబ్బాని స్టాండులోకి ఎక్కించడం మాత్రం నాదో నాన్నదో. అమ్మ దాన్ని ఎత్తకూడదని ఇంట్లో మాట అనుకున్నాం.

నాన్న తన వంతు ఏమిటో తేల్చేశారు. పొద్దున్న కాఫీ ఆయన పెడతారట. డికాషను దిగేలోపు పాలు కాస్తున్నారు, అమ్మ మంచం దిగేసరికి గ్లాసు చేతికి ఇస్తున్నారు. మొదట్లో అమ్మకి ఏం చెయ్యాలో తోచక చీపురు పట్టుకుని ముంగిట్లోకి వెళ్లిపోయేది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని తాగుతోంది.

శివరాత్రి దాటాక

ఇక అసలు పని, కత్తిపీట. కొబ్బరి లేకుండా కోనసీమ వంట గడవదు. పచ్చడి, కూరలో కోరు, పండగొస్తే లౌజు. కొబ్బరి కోరే మిషన్ కొందామన్నాను. అమ్మకి ఇష్టం లేదు, కారణం కూడా చెప్పింది. చిప్పకి దగ్గరగా ఉన్న గోధుమరంగు పొర కోరులో పడకూడదు, ఎక్కడ ఆపాలో వేళ్లకే తెలుస్తుంది. మిక్సీలో వేస్తే నలుగుతుంది గానీ ఆ పొడిపొడి కోరు రాదు. పైగా కత్తిపీట మీద మనిషి కూర్చుంటే పీట కదలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎవరు కనిపెట్టారో గానీ గొప్ప పనిముట్టు. మార్చాల్సింది దాన్ని కాదు. ఆవిడ కూర్చునే నేలని పైకి లేపాలి.

కాబట్టి బల్ల. అమ్మ ఒక చివర కూర్చుంటుంది, కత్తిపీట రెండో చివర బిగించి ఉంటుంది, కాళ్లు నేలకి ఆనతాయి. ఎత్తు తేల్చడానికి అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టాను, 15న్నర అంగుళాలు. అంతటితో ఖాయం చెయ్యకుండా, ఒక పలక కింద ఇటుకలూ చెక్కముక్కలూ పేర్చి వేర్వేరు ఎత్తుల్లో కూర్చోబెట్టి చూశాం. 14 దగ్గర లేవడం కష్టంగా ఉంది, 17 దగ్గర మడమలు లేస్తున్నాయి. టేపు చెప్పిందే సరి అని తేలింది. ఇలాంటిది ఎవరైనా చేయించుకుంటే బజారు స్టూలు ఎత్తు చూసుకోవద్దు, వాళ్ల అమ్మ కాలు కొలుచుకోవాలి. అరంగుళం తేడా కూడా మోకాలికి తెలుస్తుంది.

చెక్క కొనలేదు. అటక మీద పనస పలకలు ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు తోటలే నేలకూలాయి. మా పెరట్లో ఆ రాత్రి పడిపోయింది పనస చెట్టు. ఆ చెట్టు లేత కాయలతోనే అమ్మ పనసపొట్టు కూర వండేది, ఆ ఆకులతోనే బుట్టలు కుట్టి వాటిల్లో పొట్టిక్కలనే ఇడ్లీలు వేసేది. చెట్టు పడిన మర్నాడు అమ్మ ఏడ్చిందని నాన్న చెబుతారు. అందుకే పొయ్యిలోకి పోనివ్వకుండా కోయించి దాచారట. ఇన్నేళ్లకి దుమ్ము దులిపి చిత్రిక పడితే లోపల పసుపు రంగు అలాగే ఉంది.

వడ్రంగి మేస్త్రిగారికి నా బొమ్మ చూపించాను. "ఆయ్, బాగానే ఉందండి. కాకపోతే కాళ్లు బయటికి వాల్చాలండి. అమ్మగారు ఒక చివర కూర్చుంటే రెండో చివర పైకి లేవకూడదు కదండి" అన్నారు. కాళ్లు రెండు చివర్లకీ బాగా దగ్గరగా, కింద కాస్త వెడల్పుగా వాల్చారు. పొడవు 40 అంగుళాలు, వెడల్పు 13, పలక మందం అంగుళంన్నర. కూసాలు ఆయన కొట్టారు, నునుపు నేను చేశాను. అమ్మ పాత కత్తిపీటనే రెండు స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాం. మామూలు ఇనుప బోల్టులు ఈ ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. కాళ్ల కింద రబ్బరు బుషులు, లేకపోతే తడి గచ్చు మీద జారుతుంది. పాత నీళ్ల పైపు ముక్కని నిలువునా చీల్చి కత్తికి తొడుగు చేశాను, అక్క పిల్లలు వస్తే భయం ఉండదు.

రంగు వెయ్యలేదు. ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా, పూసేద్దామని నాన్న అన్నారు గానీ కొబ్బరినూనె చెక్క మీద ఆరదు, జిడ్డుగా ఉండిపోయి కొన్నాళ్లకి వాసన వస్తుంది. అవిసె నూనె అయితే గాలికి ఆరి గట్టిపడుతుంది. గుడ్డతో పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూశాను. పనస చెక్క తేనె రంగుకి తిరిగింది.

అమ్మ కూర్చుంది. ఒక చిప్ప పూర్తిగా కోరింది. చేత్తో ఏదీ పట్టుకోకుండా లేచింది. "బానే ఉందిరా" అంది. అమ్మ నోట ఆ మాట ఎంత బరువైందో మా ఇంట్లో వాళ్లకి తెలుసు. సాయంత్రానికి పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుని చూసి, తన కాలు కూడా కొలవమన్నారు.

ఉగాది ముందు

పొయ్యి ఎత్తు. మా ఇంటికి గ్యాసు వచ్చింది 1999లో దీపం పథకం మొదలైన రోజుల్లో. అంతకుముందు అమ్మ కొబ్బరి మట్టలూ డొక్కలూ పెట్టి నేల మీద పొయ్యిలో వండేది. పొగ పోయింది, మసి పోయింది, అది చిన్న సంగతి కాదు. కానీ పొయ్యి నేల మీంచి గట్టు మీదికి ఎక్కినప్పుడు ఆ గట్టుని తాపీ మేస్త్రి తన లెక్కకి కట్టేశాడు. ఎవరు నిలబడి వండుతారో ఆ మనిషిని ఎవరూ కొలవలేదు. ఎన్ని ఇళ్లలో ఇలా జరిగి ఉంటుందో.

అమ్మ మోచెయ్యి నేల నుంచి 37 అంగుళాలు. కలిపే గిన్నె అంచు మోచేతికి సమంగా గానీ కాస్త కిందికి గానీ ఉంటే భుజం లేవదు. మా గట్టు 33, పొయ్యి 5, పెద్ద గిన్నె 7, మొత్తం 45. భుజం నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో ఈ కూడికలోనే ఉంది. గట్టు పగలగొట్టడం పెద్ద పని కాబట్టి, దాని పక్కనే 27 అంగుళాల ఎత్తులో ఇనుప చట్రం చేయించి మీద గ్రానైటు ముక్క వేయించాం. సిలిండరు కన్నా పొయ్యి పైనే ఉండాలి కాబట్టి మరీ కిందికి దించలేదు. పనిలో పనిగా రబ్బరు గొట్టం మీద తేదీ చూస్తే ఐదేళ్లు దాటిపోయింది, కొత్తది మార్చాం. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకని తలుపు కింద సందుకి కుక్కిన గోనెగుడ్డ కూడా తీయించేశాను.

కాలువలు కట్టేశాక

ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్లు ఆపేశారు. దాళ్వా కోతలైపోయాయి, చేలు బీటలు వారాయి. డెల్టాలో మగవాళ్లకి కాస్త తీరిక దొరికే రోజులివి. ఆడవాళ్లకి మాత్రం అసలు పని ఇప్పుడే. వడియాలు, అప్పడాలు, మాగాయ, ఆవకాయ.

ఈసారి ఆవకాయ అమ్మ చెబుతుంది, నేను పెడతాను, అక్క వీడియోలో చూస్తూ రాస్తుంది. కాయలు కొత్తపల్లి కొబ్బరి తెచ్చాం, పులుపూ పీచూ ఉన్న గట్టి కాయలు. టెంకతో సహా కొట్టించి, లోపల జీడి తీసి, పొర గీకి, ఒక్కొక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచాను. ఈ తుడవడంలోనే సగం ఆవకాయ ఉందని అమ్మ మాట. చుక్క తడి ఉన్నా బూజు పడుతుంది.

కొలత దగ్గర అసలు పాఠం మొదలైంది. అమ్మకి గ్రాములతో పని లేదు. దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి అమల్లోకి వచ్చాయి గానీ మా వంటింట్లో ఇప్పటికీ అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి సోలే రాజ్యం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ముక్కలు నాలుగు సోలలైతే ఆవపిండి ఒక సోల, కారం ఒక సోల, ఉప్పు ముప్పావు సోల. మెంతులు గుప్పెడు. నువ్వుల నూనె ముక్క తడిసి పిండి మెరిసేదాకా.

అక్క ఫోన్లోంచి, "అంటే ఆవపిండీ కారం చెరో పావుకిలోనా?" అంది. కాదు. నేను తరాజు పక్కన పెట్టుకుని ప్రతి సోలనీ తూచాను. ఒకే సోలలో ఉప్పు బరువెక్కువ, కారం తేలిక. అమ్మ "సమానం" అన్నప్పుడు అది కొలతలో సమానం, తూకంలో కాదు. తూకంలో సమానంగా వేస్తే ఆవకాయ రుచి వేరే దారి పట్టేది. అందుకని నోట్‌బుక్కులో రెండూ రాశాం, ఎడమ వైపు సోల లెక్క, కుడి వైపు గ్రాములు. ఈ సోల రేపు అక్క దగ్గరా నా దగ్గరా రెండు చోట్లా ఉండదు కదా.

కొలతకి అందనివి కింద విడిగా రాశాం. రాళ్ల ఉప్పుని ఎండబెట్టి దంచాలి. ఆవాలు ఎండలోంచి తెచ్చిన వెంటనే పట్టించకూడదు, చల్లారాక పట్టించాలి, వేడి మీద పడితే చేదెక్కుతుందని అమ్మ చెబుతుంది. మూడో రోజు తిరగ కలిపి, ఊట ఎంత ఊరిందో చూసి, అప్పుడు మిగతా నూనె పొయ్యాలి. జాడీలోనే పెట్టాలి, పులుపూ ఉప్పూ లోహాన్ని తింటాయి. ప్రతి వంట పక్కనా ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా అమ్మ చేత చెప్పించాం. ఆవకాయ మా నానమ్మ దగ్గర, మాగాయ అమ్మమ్మ దగ్గర, కందాబచ్చలి ఒక మేనత్త దగ్గర. మెంతులు వేయించే మంట గురించి నేను రాసింది అమ్మ చదివి, కొట్టేసి, తన చేతి రాతతో "సన్న సెగ, వాసన రాగానే దించాలి" అని రాసింది. ఆ పేజీ నాకు అన్నిటికన్నా ఇష్టం.

మే రెండో ఆదివారం

విశాఖపట్నంలో దుకాణాల నిండా మదర్స్ డే బోర్డులే అని అక్క చెప్పింది. ఈ రోజు మొదలైన కథ చాలామందికి తెలియదు. అమెరికాలో అన్నా జార్విస్ అనే ఆవిడ, 1905లో వాళ్లమ్మ పోయాక, ఆవిడ జ్ఞాపకంగా 1908 మే నెలలో వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ అనే ఊరి చర్చిలో ప్రార్థన జరిపించింది. వాళ్లమ్మకి ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించాడు. తర్వాత పూల కొట్లూ కార్డుల కంపెనీలూ ఆ రోజుని వ్యాపారం చేసేస్తే, అదే జార్విస్ వాళ్ల మీద చివరిదాకా పోరాడింది. అచ్చువేసిన కార్డు కొని పంపడం ఆవిడకి అసలు గిట్టేది కాదు. అమ్మకి చేత్తో ఉత్తరం రాయాలనేది ఆవిడ పట్టుదల.

ఆ సంగతి విని అక్క నిజంగానే ఉత్తరం రాసి పోస్టులో వేసింది. నాలుగు పేజీలు. పురిటికి వచ్చినప్పుడు అమ్మ రాత్రంతా పిల్లాడిని ఎత్తుకుని తిరిగి, తనని నిద్రపోనిచ్చిన సంగతులు, కాలేజీ ఫీజుకి గొలుసు తాకట్టు పెట్టిన సంగతి, అప్పుడు చెప్పలేనివి అన్నీ రాసింది. "అమ్మ చాలా మంచిది" లాంటి మాట ఒక్కటీ లేదు. ఏ రోజు ఏం చేసిందో, దానివల్ల తన బతుకులో ఏం జరిగిందో, అంతే. ఉత్తరం ఎలా రాయాలో అక్క దగ్గర నేర్చుకోవాలి.

ఆ మధ్యాహ్నం అమ్మని ముందు కూర్చోబెట్టాం. అరిటాకు, మామిడికాయ పప్పు, నాన్న తరిగి నేను వండిన కందాబచ్చలి, కొత్త ఆవకాయ, నెయ్యి. పొయ్యి మీంచి దించిన వేడి అన్నం. నాలుగు ముద్దలు తినేలోపు రెండుసార్లు లేవబోయింది, ఒకసారి ఉప్పుకి, ఒకసారి మంచినీళ్లకి. నాన్న "నువ్వు కూర్చోవే, నేను తెస్తా" అన్నారు. ఇకనుంచి ఆదివారాలు అమ్మే ముందు తినాలి.

ఉత్తరం చదివేటప్పుడు ఒకటి గమనించాను. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదువుతోంది. సూదిలో దారం ఎక్కకపోవడానికీ ఇదే కారణం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే, కానీ అమ్మ ఇంతవరకూ కళ్లద్దాలు పెట్టుకోలేదు. అమలాపురం తీసుకెళ్లి పరీక్ష చేయించాను. శుక్లం ఇంకా లేదన్నారు, దగ్గరి చూపుకి అద్దాలు ఇచ్చారు. ఇంటికి వచ్చాక అమ్మ ముందు పంచాంగం తీసింది, తర్వాత బియ్యంలో రాళ్లు చూసింది. ఆ తర్వాత, "మీ అమ్మమ్మ ఇంట్లో నా లేసు సూది ఉండాలిరా" అంది.

రోహిణి కార్తెలో

అమ్మ పుట్టింటికి చించినాడ వంతెన మీదుగా బండిలో వెళ్లిపోవచ్చు. అమ్మ మాత్రం గోదావరి దాటించే పంటు మీదే వెళ్దామంది. సఖినేటిపల్లి రేవులో ఎక్కి నరసాపురం వైపు దిగాం. చిన్నప్పుడు ఈ రేవు దాటితే పుట్టింటి వాసన వచ్చేదట.

మావయ్య ఇంట్లో, అత్తయ్య జాగ్రత్తగా దాచిన ట్రంకు పెట్టెలో, పాత పంచె ముక్కలో చుట్టి ఉన్నాయి అమ్మ అల్లిన లేసులు. గుండ్రటి బల్ల గుడ్డలు, ఒక పొడుగాటి అంచు, విడి పూలు. నాకు ఇంతవరకూ అమ్మకి లేసు వచ్చని మాత్రమే తెలుసు, ఇంత బాగా వచ్చని తెలియదు. ఒక్కొక్క పువ్వులో రెక్కలు లెక్కపెట్టినట్టు సమానంగా ఉన్నాయి.

నరసాపురం చుట్టుపక్కలకి ఈ పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. తర్వాత ఊరూరా పాకింది. ఇంటి పని అయ్యాక అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకి వెళ్లింది. నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా దక్కింది. కానీ అల్లిన మనిషి పేరు ఏ గుడ్డ మీదా ఉండదు. అమ్మ చెప్పింది, దారం తూచి ఇచ్చేవాళ్లు, లేసు తూచి తీసుకునేవాళ్లు, కాబట్టి ఇంట్లో ఒక్క పువ్వు మిగుల్చుకోవడానికి ఉండేది కాదు. మరి ఇవి? అతుకులకి కత్తిరించగా మిగిలిన కొసలు ముడేసి అల్లుకున్నవి. దగ్గర పెట్టుకుని చూస్తే ఆ ముడులు కనిపిస్తాయి. పదహారేళ్ల పిల్ల తనకోసం చేసుకున్నది అంతే.

అమ్మ చేతి పనిలో మూలపడిపోయింది ఏదైనా ఉంటే బయటికి తియ్యాలని జనవరిలో రాసుకున్నాను కదా. అది ఇదే.

తెచ్చాక శుభ్రం చెయ్యడం. పసుపెక్కిన నూలుకి బ్లీచింగు తగలకూడదు, పోగు బలం పోతుంది. గోరువెచ్చని నీళ్లలో కొంచెం మెత్తని సబ్బు కలిపి నానబెట్టి, నీళ్లు రంగు మారినప్పుడల్లా మార్చాను. పిండలేదు, తువ్వాలులో పరిచి చుట్టి నొక్కాను. పెట్టె మేకు తగిలిన చోట తుప్పు మరక ఉంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి బాగా కడిగితే చాలావరకు పోయింది. తర్వాత థర్మోకోల్ పలక మీద తెల్లగుడ్డ పరిచి, ప్రతి రెక్క కొసా లాగి స్టెయిన్‌లెస్ గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టాం. ఆరాక సూదులు తీస్తే, నలిగిన పువ్వు విచ్చుకుని అలాగే నిలబడింది. ఒక పువ్వులో రెండు రెక్కలు తెగి ఉన్నాయి. దాన్ని నేను ముట్టుకోలేదు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, కొత్త ట్యూబు లైటు కింద, పనస బల్ల మీద కూర్చుని, తన పాత సూదితో అల్లింది. మొదట వేళ్లు తడుముకున్నాయి, కాసేపటికి చూడకుండానే సాగాయి.

శ్రావణంలో

కాలువలకి నీళ్లొచ్చాయి, సార్వా నాట్లయ్యాయి, గోదావరి ఎర్రబారింది. గాలి నిండా తేమ. ఈ కాలంలో పటం కట్టించేటప్పుడు ఒక జాగ్రత్త, లేసు అద్దానికి ఆనకూడదు, ఆనితే తేమ పట్టి బూజు మరకలు పడతాయి. అద్దానికీ గుడ్డకీ మధ్య చుట్టూ అరంగుళం పట్టీ పెట్టించాం. ముదురు నీలం నూలుగుడ్డ మీద జిగురు లేకుండా, సన్న దారంతో అక్కడక్కడ కుట్టాం. ఎండ నేరుగా పడని గోడకి, పెంకుటింటి ముందు గదిలో తగిలించాం. వచ్చినవాళ్లు ముందు అదే చూస్తున్నారు. మిగతావి పాలిథిన్‌లో కాకుండా ఉతికిన తెల్ల పంచెలో చుట్టి పెట్టాం, వానలు తగ్గాక గాలికి పెట్టాలి.

పటం కింద చీటీ మీద అమ్మ పేరు, పుట్టింటి ఊరు, ఏ ఏళ్లలో అల్లిందో రాయించాను. అమ్మ చాలాసేపు చదువుకుంది. తర్వాత అంది, "మీ అమ్మమ్మ పేరు కూడా ఉండాలిరా. సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడ. నాకన్నా బాగా అల్లేది, ఆవిడవి ఒక్కటీ మిగల్లేదు." చీటీ తీసి అమలాపురంలో మళ్లీ రాయించడానికి ఇచ్చాను. పై వరుసలో అమ్మమ్మ, కింద అమ్మ.

ఇంకా ఉన్న పనులు. బాత్రూము గుమ్మం దగ్గర మెట్టు తొమ్మిదంగుళాలుంది, మధ్యలో ఇంకో మెట్టు కట్టి సగానికి తగ్గించాలి. లోపల గోడకి స్టీలు పట్టీ తెచ్చి ఉంచాను, సిమెంటు పని వానలు వెనకబట్టాకే. వంటల నోట్‌బుక్కులో వడియాల పేజీలు ఖాళీగా ఉన్నాయి, అవి వచ్చే వేసవికి. పక్కింటి పిన్నిగారి బల్లకి మేస్త్రిగారు వేప చెక్క చూశారు, ఆవిడ కాలు కొలత 16 అంగుళాలు. దసరాకి అక్క వస్తోంది, సూది కొనుక్కుని రమ్మని అమ్మే ఫోన్ చేసి చెప్పింది.